ప్రథమ ఫలం ఎవరిది?

“ఇవాళ వాళ్ళింట్లో నా నోరు ఊరుకోదేమోనని భయంగా ఉందండీ,” అంది విమలకుమారి, కారు ఇంకా అపార్ట్‌మెంటు పార్కింగులోంచి కదలకముందే.

భర్త జోసఫ్ అప్పుడే లోపలికి వచ్చి కూర్చున్నాడు. కారద్దం మీద పేరుకున్న మంచు గీకి గీకి కొయ్యబారిన వేళ్ళను హీటరు ముందు పెట్టి కాచుకున్నాడు. తరువాత నిదానంగా వెనక్కి తిప్పి రోడ్డెక్కించాడు.

“మాట జారిందనుకోండి, ప్రార్థన కూటం చెడుతుంది. ఆపైన చర్చిలో మన మొహం ఎవరూ చూడరు. రేపు మీ ఉద్యోగం ఊడితే పలకరించే దిక్కుండదు. నేను చస్తే పెట్టె మొయ్యడానికి మనుషులుండరు.”

“అమ్మా, ప్లీజ్,” అంది వెనక సీట్లోంచి దెబోరా. “నువ్వు ఏమీ అనకు. ఐ మీన్ ఇట్.”

ఏమీ అనకుండా ఉండగలిగిన సంగతి అయితే కదా. శుక్రవారం నాడు హైస్కూలు జిమ్‌లో ఏం జరిగిందో కథ వెంట నడుస్తున్నవారికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడే వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

పోయిన వేసవి సెలవుల్లో దెబోరా, అపార్ట్‌మెంటు అడుగున బట్టలుతికే గదిలో కూర్చుని ఒక మరబొమ్మ చేసింది. పదిహేనేళ్ళ పిల్ల. ఎవరూ నేర్పలేదు. లైబ్రరీ నుంచి పత్రికలు మోసుకొచ్చి, ఎవరో చెత్తలో పారేసిన ఆటకార్లలోంచి మోటార్లు పీకి, రేడియో సామాన్ల కొట్లో చిన్నచిన్న స్విచ్చులు కొనుక్కుని, సీసం కరగబెట్టి అతికించింది. ఒకసారి తీగలు తారుమారై మోటారు కాలింది. ఆ కంపుకు విమలకుమారి మెట్లన్నీ పరుగున దిగి వచ్చి బకెట్టు నీళ్ళు కుమ్మరించింది. తరువాత అది నడిచింది గాని, గోడకు తగిలితే అక్కడే గింజుకుంటూ ఉండిపోయేది. పిల్ల పట్టు వదల్లేదు. ముందు వైపు ఒక రేకు కట్టి, రేకు వెనక స్విచ్చు పెట్టింది. ఇక గోడ తగలగానే వెనక్కి జరిగి, పక్కకు తిరిగి, తన దారి తాను చూసుకోవడం మొదలుపెట్టింది ఆ బొమ్మ. పైన కప్పడానికి గుండ్రంగా ఏదైనా కావాలంటే విమలకుమారి తన స్టీలు గిన్నె ఇచ్చింది. పెళ్ళికి ఏలూరులో వాళ్ళమ్మ, కూతురి పేరు చెక్కించి ఇచ్చిన గిన్నెల వరుసలో అదొకటి. బోర్లించిన గిన్నె కింద చక్రాలు పెట్టుకుని పాకుతూ ఉంటే అచ్చం తాబేలే. అందరూ దాన్ని తాబేలనే పిలిచారు.

మరి ఆ తాబేలు వాళ్ళింట్లో ఎందుకు లేదూ అంటే, అది విమలకుమారి భయం చేసిన పని. “అమ్మా, ఇవి టార్చ్‌లైట్ బ్యాటరీలే, షాక్ కొట్టవు” అని పిల్ల ఎంత చెప్పినా ఆమె చెవిన పడలేదు. కరెంటు కరెంటే. “ప్రభువా, దీని వేళ్ళు కాలకుండా, కళ్ళు పోకుండా, ఈ కొంప తగలబడకుండా కాపాడితే, దీని చేతి మొదటి వస్తువు నీ బల్ల మీద పెడతాను” అని మొక్కుకుంది. పిల్లకు ఏమీ కాలేదు. మొక్కు మొక్కే కదా. అక్టోబరులో తెలుగు క్రైస్తవ సంఘం కోతపండుగ వచ్చింది. అమెరికాలో, ఈ పార్సిప్పనీలో ఎవరికి పొలాలున్నాయి గనక. కుండీల్లో పెంచిన గోంగూర, గుమ్మడికాయలు, కేకులు, ఆవకాయ సీసాలు ప్రభువు బల్ల ముందు పేర్చారు. వాటి నడుమ తాబేలు కూర్చుంది, ప్రథమ ఫలంగా. ఆరాధన అయ్యాక మన ఊళ్ళలో లాగే వేలం పాట పెట్టారు. ఎక్కువ పాడినవాళ్ళది వస్తువు, డబ్బు దేవుడిది. సంఘ పెద్ద సుందర్ రాజ్ తాబేలు మీద ఎవరూ అందుకోలేనంత పాడి, చప్పట్ల మధ్య దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం దెబోరా అన్నం ముట్టలేదు. కన్నీళ్ళు తుడుచుకుని రెండోది మొదలుపెట్టింది. అదే వరుసలోని ఇంకో గిన్నె. ఈసారి దానికి కన్ను కూడా పెట్టింది. టార్చిలైటు ఎటు చూపిస్తే అటు వస్తుంది.

శుక్రవారం నాడు కూతురు మరిచిపోయిన కోటు ఇవ్వడానికి సైన్సు పోటీ జరుగుతున్న జిమ్‌లోకి వెళ్ళిన విమలకుమారికి, ఒక బల్ల మీద ఎర్ర రంగు పూసిన తాబేలు కనిపించింది. పక్కన అట్ట మీద సుందర్ రాజ్ కొడుకు సామ్యూల్ పేరు. ఆ అట్టకు మొదటి బహుమతి నీలం రిబ్బను. ఆవలి బల్ల దగ్గర సైన్సు మాస్టారు దెబోరాను నిలబెట్టి మాట్లాడుతున్నాడు. ఆ అబ్బాయి తాబేలు నవంబరులోనే బడిలో నమోదయిందట. దెబోరాది ఫిబ్రవరిలో వచ్చిందట. రెండూ ఒకే అచ్చు. కాపీ కొట్టిన పిల్లను కౌంటీ, అంటే జిల్లా స్థాయి పోటీకి పంపేది లేదు. సోమవారం ఉదయానికల్లా ఆ అబ్బాయి ఇంటివారే వచ్చి వేరే మాట చెప్పాలి, లేకపోతే దెబోరా పేరు తీసేస్తాడు. కౌంటీలో నెగ్గినవారిని వేసవిలో కాలేజీ ప్రయోగశాలకు తీసుకెళతారు. అక్కడ మనిషి చెయ్యిలాగా మడత పడి గుడ్డును పట్టుకునే ఇనప చెయ్యి ఉంది. దాన్ని తన చేత్తో ఆడించాలని దెబోరా ఏడాదిగా కలగంటోంది.

తన చేతి పనినే తాను దొంగిలించిందని పేరు పడింది పిల్లకు. రేపే సోమవారం. ఈ ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన కూటం సుందర్ రాజ్ ఇంట్లో.

*

ఇల్లు గుట్ట మీద ఉంది. గడప దగ్గర అప్పటికే బూట్ల గుట్ట. లోపల పులావు వాసన, తడిసిన ఉన్ని కోట్ల వాసన కలిసి కొడుతున్నాయి. కార్పెట్ మీద దుప్పట్లు పరిచారు.

“రండి విమలక్కా,” అంటూ సుందర్ రాజ్ భార్య లూసీ ఎదురొచ్చి కోటు అందుకుంది. “ఇవాళ మీ ప్రేయర్ రిక్వెస్టులు ఎన్ని? ముందే చెప్తే కాఫీ ఇంకో గిన్నెడు పెట్టేస్తాను.”

“పోయినసారి సగంమంది నిద్రపోయారు,” అంది గోడకు ఆనుకుని కూర్చున్న శశికళ. “స్టవ్ పేలుతుందని, జోసఫ్ బ్రదర్ హైవే మీద స్కిడ్ అవుతారని, మంచుకి పైకప్పు కూలుతుందని. చివరికి ఫ్రిజ్ కోసం కూడా ప్రార్థన చేయించావు కదే.”

“ఆ ఫ్రిజ్ మర్నాడే చెడింది, తెలుసా,” అంది విమలకుమారి. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. టీవీ పెట్టె మీద, అల్లిన గుడ్డ పరిచి, దాని మీద ఎర్ర తాబేలును పెట్టి ఉంది. నీలం రిబ్బను మెడలో దండలా వేశారు.

లూసీ తండ్రి దామోదరంగారు అక్కడే సోఫాలో ఉన్నారు. తెనాలిలో మిషను బడి హెడ్‌మాస్టరుగా రిటైరై, క్రిస్మసుకు కూతురి దగ్గరికి వచ్చారు. ఇంట్లో హీటరు మండుతున్నా మంకీ క్యాపు తీయరు.

“చూశావా అమ్మా, మా మనవడి పనితనం,” అన్నారాయన. “జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇలాంటి బుర్ర ఒక్కటీ తగల్లేదు. క్యాసెట్టులో మాట్లాడి ఊరికి పంపాను. ఆదివారం ఆరాధనలో అందరికీ వినిపించారట. ముసలాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట.”

విమలకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. కాని ఎదురుగా ఉన్నది పాపం ఏమీ ఎరగని పెద్దమనిషి. ఆమె అటూ ఇటూ చూసింది. మేడమెట్ల మీద సామ్యూల్ మోకాళ్ళలో తల దూర్చి కూర్చున్నాడు. దెబోరా గది అవతలి మూలకు పోయి, టీవీకి వీపు పెట్టి కూర్చుంది. జోసఫ్ తలుపు దగ్గరే చతికిలబడ్డాడు, ఎప్పుడు లేచిపోదామా అన్నట్టు.

పాట అయింది. వాక్యం అయింది. సుందర్ రాజ్ కళ్ళజోడు సర్దుకుని, “ప్రార్థన విన్నపాలు ఉన్నవాళ్ళు చెప్పండి,” అన్నాడు. ఆయన టెలిఫోను పరిశోధన శాఖలో ఇంజినీరు. సంఘానికి అద్దె గది కుదిర్చింది ఆయనే, పియానో తెచ్చింది ఆయనే. ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు.

శశికళ తన భర్త కంపెనీలో లే-ఆఫ్‌ల సంగతి చెప్పింది. గ్రీన్ కార్డ్ చేతికి వచ్చేదాకా ఉద్యోగం నిలవాలని ప్రార్థన చేయమంది. తరువాత అందరి కళ్ళూ అలవాటుగా విమలకుమారి వైపు తిరిగాయి. ఎవరో ముందే ముసిముసిగా నవ్వారు.

“నాది ఇవాళ చిన్నదే,” అంది ఆమె. “మా ఇంట్లో దొంగతనం జరిగింది. దాని గురించి ప్రార్థన చేయండి.”

“అయ్యో, ఎప్పుడక్కా?” అంది లూసీ, నిజంగానే కంగారుపడి. “పోలీసులకి కాల్ చేశారా?”

“పోలీసులు పట్టేది కాదు లూసీ. వస్తువునేమో నలుగురిలో కొనుక్కునే పట్టుకెళ్ళారు. దాన్ని చేసిన చేతుల్ని దొంగిలించారు.”

దెబోరా కళ్ళు మూసుకుంది.

“చెల్లెమ్మా,” అన్నాడు సుందర్ రాజ్ మెత్తగా, “ఇది ప్రార్థన కూటం.”

“అందుకే అన్నయ్యగారూ. ఇక్కడైతే అబద్ధం ఆడరని చెప్తున్నాను. ఆ టీవీ మీద ఉన్న తాబేలు మా దెబోరా చేసింది. కోతపండుగలో దేవుడి బల్ల మీద నేను పెట్టాను. మీరంతా చూశారు. మీరు పాడుకున్నారు. బాగానే ఉంది. ఇప్పుడు బడిలో అది మీ అబ్బాయి చేశాడని ఉంది. నా పిల్ల కాపీ కొట్టిందని ఉంది. రేపు పొద్దున దాని పేరు తీసేస్తారట. మీరు ఒక్కసారి బడికి వచ్చి, మొదటిది ఈ పిల్లదే అని ఒక్క మాట చెప్పండి. ఇంకేమీ అడగను.”

“ఏమిటమ్మా ఇదంతా?” అన్నారు దామోదరంగారు. “అల్లుడూ, ఏమిటి?”

“మీరు కూర్చోండి మామగారూ, నేను చెప్తాను.” సుందర్ రాజ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “చెల్లెమ్మా, వేలంలో పాడుకున్న వస్తువు ఎవరిది? పాడుకున్నవాడిది. ఇది మన తాతల నాటి పద్ధతి. ఇచ్చిన తరువాత మళ్ళీ నాదీ అనడం ప్రథమ ఫలం ఇచ్చినవాళ్ళకి మర్యాద కాదు. దేవుడికి ఇచ్చింది వెనక్కి అడుగుతారా?”

“వెనక్కి ఎవరడిగారండీ? మీరే ఉంచుకోండి. పప్పు వండుకోండి అందులో. పోయిన పండుగకి లూసీ చేసిన ప్లమ్ కేకు నేను పాటలో పాడుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళి తిన్నాం. దాన్ని నేనే కాల్చానని ఎవరికైనా చెప్పుకున్నానా?”

శశికళ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దగ్గు వచ్చిందని చెప్పి లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళి, తలుపు దగ్గరే ఆగిపోయింది.

“కేకు వేరు చెల్లెమ్మా.”

“వేరే మరి. కేకు తింటే అయిపోతుంది. ఇది దండ వేసుకుని టీవీ మీద కూర్చుని, నా పిల్లను దొంగ అంటోంది.”

సుందర్ రాజ్ మొహం ఎర్రబడింది. “మావాడు ఉన్నదున్నట్టు పెట్టలేదు. పెయింట్ చేశాడు. బ్యాటరీ మార్చాడు. టెక్నాలజీలో దీన్ని ఇంప్రూవ్‌మెంట్ అంటారు. మా ల్యాబ్‌లో అందరూ చేసేది ఇదే. ఈ విషయాలు మీకు తెలియవు.”

“తెలియవు. నేను పదో తరగతి గట్టెక్కనిదాన్ని. నాకు తెలిసింది ఒకటే. పక్కింటి బిడ్డకు చొక్కా తొడిగితే మన కడుపున పుట్టినట్టు అయిపోదు.”

“విమలక్కా, చాలు,” అంది లూసీ. “మా ఇంట్లో కూర్చుని మమ్మల్నే...”

“నీ మీద నాకు కోపం లేదు లూసీ. నువ్వూ బిడ్డను కన్నదానివే. నా స్థానంలో నువ్వుంటే పులావు తిని, థాంక్యూ చెప్పి ఇంటికి వెళ్ళిపోతావా? ఆ పిల్ల వేసవంతా నేల మీద పొర్లాడింది. వేళ్ళకు బొబ్బలు. కళ్ళు ఎర్రగా. అది నిద్రపోయాక దాని ఊపిరి ఆడుతుందో లేదో నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని, సీసం పొగ పీల్చిందని. మీ ఇంట్లో ఎవరైనా ఒక్కసారి అలా వేలు పెట్టి చూశారా?”

లూసీ మేడమెట్ల మీది కొడుకు వైపు చూసింది.

సుందర్ రాజ్ గొంతు తగ్గించాడు. ఇప్పుడు ఆయన సంఘ పెద్దలా లేడు. “మావాడి సంగతి మీకు తెలుసా చెల్లెమ్మా? పోయిన ఏడు రెండు సబ్జెక్ట్స్‌లో ఫెయిల్. కౌన్సెలర్ నన్ను పిలిచి, మీ అబ్బాయి హై స్కూల్ ఫినిష్ చేయడు, ఏదైనా చేతిపని చూసుకోండి అన్నాడు. ఒక్క స్నేహితుడు లేడు వాడికి. మొదటిసారి ఒక టీచర్ వాడి భుజం తట్టాడు. వాడు ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. నేను ఇప్పుడు వెళ్ళి, మా అబ్బాయిది అబద్ధం అని చెప్పనా? సస్పెండ్ చేస్తారు. వాడు మళ్ళీ తలెత్తడు.”

“మీ వాడు తలెత్తడానికి నా పిల్ల తల దించాలా?”

“ఆడపిల్ల,” అని మొదలుపెట్టాడాయన, మళ్ళీ ఆగి, “తెలివైన పిల్ల. ఈ ఒక్క పోటీ పోతే ఏమవుతుంది? వచ్చే ఏడు ఉంది.”

“ఏమవుతుందో నేను చెప్తాను. దొంగ అన్న పేరు దాని ఫైల్లో ఉంటుంది. ఇది కాలేజీకి పోతే ఆ పేరూ వెంట పోతుంది. ఉద్యోగానికి పోతే అక్కడికీ పోతుంది. అన్నిటికీ మించి, ఇది మళ్ళీ ఏదైనా చేసిందనుకోండి, నమ్మేవాళ్ళుండరు. వేళ్ళు కాల్చుకుని, కళ్ళు పాడుచేసుకుని చేసింది ఎవరికో ఒకరికి ఇచ్చేసుకుంటూ పోవడమేనా దీని బతుకు?”

“జోసఫ్ బ్రదర్,” అన్నాడు సుందర్ రాజ్, గుమ్మం వైపు చూసి, “మీరైనా చెప్పండి.”

జోసఫ్ కార్పెట్ మీది ఒక నూలు పోగును వేలితో లాగుతున్నాడు.

“ఆయన్నెందుకు అడుగుతారు? నాతో మాట్లాడండి,” అంది విమలకుమారి. “ఆయన నోట మాట రావాలంటే క్రిస్మస్ రావాలి. ఇంట్లో నేను ఇద్దరి వంతూ మాట్లాడుతున్నాను, ఇక్కడా నేనే మాట్లాడతాను.”

అలా అంటూనే లేచింది. ఎవరైనా ఆపుతారేమోనని భయపడుతూనే టీవీ దగ్గరికి నడిచింది. రిబ్బను తీసి అల్లిన గుడ్డ మీద పెట్టింది. తాబేలును ఎత్తి ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది. పర్సులోంచి నాణెం తీసి, గిన్నె అంచున ఎర్ర రంగును గీకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు పళ్ళు జివ్వుమన్నాయి. ఎర్రటి పొట్టు చీర మీద రాలింది. కింద స్టీలు మెరిసింది. మెరుపులో చుక్కలు కనిపించాయి.

“మాస్టారూ,” అంది దామోదరంగారి వైపు జరిగి, “మీరు చదువు చెప్పినవారు. ఇదేమిటో కాస్త చదివి పెట్టండి.”

ఆయన మంకీ క్యాపు పైకి తోసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, గిన్నెను వెలుతురుకు తిప్పారు. మన ఇళ్ళలో గిన్నెల మీద కంసాలి చుక్కలు చుక్కలుగా కొట్టే అక్షరాలు అవి. అమెరికా బడిలో ఎవరి కంట పడినా అలంకారమనే అనుకుని ఉంటారు.

“విమల,” అని చదివారు దామోదరంగారు. కింద ఇంకా ఉంది. “ఏలూరు.”

ఆయన గిన్నెను మెల్లగా కింద పెట్టారు. చాలాసేపు దాని మీదే చెయ్యి వేసి ఉంచారు. తెనాలిలో ఆ క్యాసెట్టు విన్న ముసలివాళ్ళ మొహాలు ఆయన కళ్ళ ముందు కదిలి ఉంటాయి.

“ఒరే సామ్యూల్,” అన్నారు. “ఇలా రారా.”

పిల్లవాడు మెట్లు దిగి వచ్చాడు. తండ్రికంటే ఎత్తు పెరిగాడు, నిలబడటం మాత్రం ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నిలబడ్డాడు.

“ఇది నువ్వు చేశావా?”

“లేదు, తాతగారు.”

“మరి చేశానని ఎందుకు చెప్పావు?”

“నేను చెప్పలేదు. డాడ్ రిజిస్టర్ చేశారు. టీచర్ వచ్చి, నువ్వు చేసింది చాలా బాగుంది అంటే నేను... ఏమీ అనలేదు. జస్ట్ నిల్చున్నాను.” “శుక్రవారం కూడా. డెబీని అంటుంటే కూడా నిల్చున్నాను. ఐ యామ్ సారీ, డెబీ.”

దెబోరా మూలనుంచి ఇటు తిరిగింది.

“ఒరేయ్, లోపలికి వెళ్ళు,” అన్నాడు సుందర్ రాజ్.

“నో, డాడ్. మీరు చెప్పారు, ఇట్స్ ఓకే అని. పర్మిషన్ అడిగాను, వాళ్ళు సరే అన్నారు అని. అందుకే నేను ఊరుకున్నాను. లేకపోతే నేను ఎందుకు...” వాడు మాట పూర్తి చేయలేక మళ్ళీ మెట్ల వైపు చూశాడు.

“పర్మిషనా?” అంది విమలకుమారి. “మా ఇంటికి వచ్చి ఎవరు అడిగారు? ఎప్పుడు అడిగారు? నన్నెవరూ అడగలేదు. దేవుడి ఎదుట చెప్తున్నాను, నన్నడిగితే ఈ గిన్నె తిరగేసి నెత్తిన కొట్టేదాన్ని.”

దెబోరా లేచి వచ్చింది. గది మధ్యలో, దుప్పట్ల మీద, సాక్సులతో నిలబడింది. ఇంత రభసలో ఆ పిల్ల ఇంతవరకూ నోరు విప్పలేదు. ఇప్పుడు అడిగింది, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

“అంకుల్, మీరు ఎవర్ని అడిగారు? అది నాది. నన్ను అడగలేదు. అమ్మని అడగలేదు. ఎవరు యెస్ అన్నారు?”

సుందర్ రాజ్ పెదవులు కదిపాడు. మళ్ళీ బిగించాడు. ఎవరి గుట్టో మోస్తున్నట్టు ఉన్నాడు, దించుకోవడానికి చోటు దొరకనట్టు ఉన్నాడు. ఆయన చూపు దెబోరా మీద లేదు, విమలకుమారి మీద లేదు. ఇద్దరినీ దాటి గుమ్మం వైపు పోయింది.

గోడ వార హీటరు గొట్టం టక్కు టక్కుమంది. వంటింట్లో కాఫీ మరిగి మరిగి మాడు వాసన మొదలైంది. ఎవరూ లేచి ఆర్పలేదు. శశికళ గ్లాసు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది. లూసీ మొగుడి మొహం చూసింది, ఆయన చూపు వెంట తలుపు వైపు చూసింది, చప్పున కళ్ళు దించుకుంది.

విమలకుమారి తల తిప్పలేదు. తిప్పాలనిపించలేదు. పెళ్ళైననాటి నుంచి ఆమె భయపడని వస్తువు లేదు. స్టవ్‌కు భయపడింది, హైవేకు భయపడింది, మంచుకు, కరెంటుకు, తెల్లవాళ్ళ పిల్లలకు, వానకు, విమానానికి భయపడింది. ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు ఒక్కొక్కటే దేవుడికి అప్పజెప్పింది. అన్నిటినుంచీ కాపాడమంది. ఇది మాత్రం ఎన్నడూ అప్పజెప్పలేదు. ఇటువైపు నుంచి కూడా దెబ్బ వస్తుందని తోచలేదు.

“డాడీ?” అంది దెబోరా.

జోసఫ్ వేలు నూలు పోగు మీద ఆగిపోయింది. ఆయన కూతురి మొహం చూశాడు, మళ్ళీ చూపు తిప్పుకోలేదు.

“అంకుల్ అడిగింది నన్నేనమ్మా,” అన్నాడు చివరికి. “ఆ అబ్బాయి ఫెయిలవుతున్నాడని ఏడిచాడు. నేనే సరే అన్నాను. వాడు ఎప్పటికీ ఒక్కటి కూడా చేయలేడు, నువ్వు ఎన్నైనా చేయగలవు అనుకున్నాను.”